జనవరి నాలుగున కొన్న ఆట

గరివిడి,
24 జూన్ 2016.

అమ్మా ప్రిస్కిల్లా,

పెదనాన్న వందనాలు. మొన్న ఆదివారం ఫోనులో మనం మాట్లాడింది నాలుగు నిమిషాలు. "తిన్నావా", "తిన్నాను", "దొడ్డమ్మ ఎలా ఉంది", "అలాగే ఉంది" అనుకునేసరికి మీ వార్డెనమ్మ ఇంకో అమ్మాయిని పిలిచేసింది. అడగవలసిన మాట అడగనేలేదు. నర్సింగు చదివే పిల్లల దగ్గర ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టడం మంచిదో చెడ్డదో నాకు తెలియదు గాని, దానివల్ల నేను పదేళ్ళ తర్వాత పోస్టాఫీసు గుమ్మం ఎక్కాను. కవరు కావాలంటే అక్కడి గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

సంగతి ఇది. మీ అన్న శాంతికుమార్ పోయిన దగ్గర్నుంచి ఈ ఐదున్నర నెలలూ వాడి కంప్యూటరు ఎవరూ ముట్టుకోలేదు. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుని నిన్న దుమ్ము దులిపి, పనిచేస్తోందో లేదోనని మీట నొక్కాను. అది సంకేతపదం అడగలేదు, ఏమీ అడగలేదు. వాడు నెట్‌లో ఆటలు కొనుక్కునే దుకాణం దానంతటదే తెరుచుకుంది. వేసవి సేల్ అట. "శాంతీ, నువ్వు కోరుకున్న ఆటల్లో పంతొమ్మిదింటికి ధర తగ్గింది" అని పెద్ద అక్షరాలతో వచ్చింది. దానికి ఎవరూ చెప్పలేదు కదా.

నాకేమీ అనిపించలేదు. అనిపిస్తుందేమోనని కాసేపు అక్కడే కూర్చున్నాను. మీ దొడ్డమ్మ గుమ్మంలోంచి, "ఏటి సూస్తన్నావు ఆ పెట్టిలోన? ఆడొస్తాడేటి అందులోంచి?" అంది. రాడని చెప్పాను. ఇద్దరం టీ తాగాం.

వాడి పేరు మీద ఆ దుకాణంలో ఆరువందల పన్నెండు రూపాయలు ఉండిపోయాయి. రాజాంలో నెట్ సెంటర్ నడిపే వాడి స్నేహితుడు ధనరాజ్‌కి ఫోన్ చేస్తే, "ఆ డబ్బులు మరి బయటికి రావు బాబాయ్. అందులో ఆటలే కొనాల" అన్నాడు. వాడి డబ్బు వాడు కోరుకున్నదానికే పోవాలని నాకూ అనిపించింది. సేల్ వచ్చే నెల నాలుగో తేదీ దాకా ఉంది. పంతొమ్మిదిలో ఏవి కొనాలి?

నేను ఒక లెక్క వేశాను. మాంగనీసు ఫ్యాక్టరీ కాటా దగ్గర ఇరవై ఏడేళ్ళుగా లారీలు తూస్తున్నవాడిని, నాకు తెలిసింది బరువే. ప్రతి ఆట కిందా అది ఎన్ని జీబీలో రాసి ఉంది. రూపాయికి ఎన్ని జీబీలు వస్తాయో చూసుకుంటే అన్నిటికన్నా ఒక యుద్ధం ఆట గిట్టుబాటుగా కనిపించింది. నలభై జీబీలు, డెబ్భై అయిదు శాతం తగ్గింపు. కొనమంటావా? మీ అమ్మానాన్నలు రాయగడ మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తుంటే నువ్వు పదో తరగతి దాకా మా ఇంట్లోనే పెరిగావు. వాడి పక్కన కుర్చీ వేసుకుని ఆడింది నువ్వే. నాకు వాడి ఇష్టాలు తెలియవు.

ఇంకొకటి. వాడు అంతకుముందు కొన్న ఆటల పక్కన ఏది ఎంతసేపు ఆడాడో రాసి ఉంది. ఒకటి రెండువందల పన్నెండు గంటలు ఆడాడు. ఒక్కదాని పక్కన మాత్రం సున్నా నిమిషాలని ఉంది. ఇద్దరు పిల్లలు నడుములకి ఒకే తాడు కట్టుకుని కొండ ఎక్కుతున్న బొమ్మ. అదేమిటో నీకేమైనా తెలుసా?

మీ పెదనాన్న,
జ్ఞానానందం.


శ్రీకాకుళం,
28 జూన్ 2016.

పెదనాన్నకి, దొడ్డమ్మకి వందనాలు.

మీ ఉత్తరం వార్డెనమ్మ విప్పి చదివేసి, "మీ పెదనాన్నకేటే, ఈ వయసులో ఆటలేటి?" అని అందరి ముందూ అడిగింది. ఏదో చెప్పాను లెండి.

పెదనాన్నా, మీరు ఆటలు కొంటున్నారా, మాంగనీసు కొంటున్నారా? జీబీలు చూసి ఎవరైనా ఆట కొంటారా? ఆ నలభై జీబీలు మన ఇంటి నెట్ లైను మీద దిగడానికి పదకొండు రోజులు పడుతుంది. దిగాక అందులో ఉండేది తుపాకీలు. మీరు ఎలకని కూడా కొట్టలేరు. అది వద్దు.

అన్నయ్యకి కొన్ని పద్ధతులుండేవి. సేల్ మొదటిరోజు ఏదీ కొనడు. తగ్గింపు ఎంతని చూడడు, వచ్చే వారం కూడా దీన్ని ఆడాలనిపిస్తుందా అని చూస్తాడు. జాబితా కాగితం మీద రాసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టేవాడు. వాడొకటి కొట్టేస్తే నేనొకటి కొట్టేయాలి. ఎందుకని ఎదుటివాళ్ళు అడగకూడదు. చివరికి ఏది మిగిలితే అది కొనడం. నాకు నచ్చింది వాడు కొట్టేస్తే నేను పెన్ను విసిరికొట్టేదాన్ని. మీరూ దొడ్డమ్మా అలా చేయండి.

శవాలు లేచి తిరిగే ఆటలు రెండున్నాయి. అవి ముందే కొట్టేయండి. వంతెనలు కట్టే ఆట మంచిది. పొలం ఆట కూడా మంచిదే, అందులో తొందర ఉండదు, ఎవరూ ఎవరినీ కొట్టరు, విత్తితే మొలుస్తుంది. లారీ నడిపే ఆట మీకు వద్దు.

మాకు ఇప్పుడు ఎముకల వార్డు డ్యూటీ. రోజూ కట్లు విప్పడం, కట్లు కట్టడం. మొదట్లో కళ్ళు తిరిగేవి, ఇప్పుడేమీ లేదు. రాత్రి అన్నంలో నీళ్ళ పప్పు. నేను బాగానే ఉన్నాను.

ప్రిస్కిల్లా.


గరివిడి,
2 జూలై 2016.

అమ్మా ప్రిస్కిల్లా,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే చేశాం. పంతొమ్మిది పేర్లూ క్యాలెండరు కాగితం వెనక రాసి మీ దొడ్డమ్మ ముందు పెట్టాను. "నాకేటి తెలుస్తాది" అంటూనే పెన్ను తీసుకుంది. నేను కంప్యూటరులో ఒక్కోదాని బొమ్మ చూపిస్తే, "తుపాకీ ఉన్నాది, ఒద్దు", "ఆ పిల్లకి బట్టలు నేవు, ఒద్దు" అని కొట్టేస్తూ పోయింది. నేనూ కొట్టేశాను. ఎందుకని ఒకరినొకరం అడగలేదు. చాలా రోజుల తర్వాత ఇద్దరం ఒక గంటసేపు ఒకేచోట కూర్చున్నాం. చివరికి పొలం ఆట, లారీ ఆట మిగిలాయి. లారీది నువ్వు వద్దన్నావు, కానీ మీ దొడ్డమ్మ దాన్ని కొట్టేయలేదు, నేనూ కొట్టేయలేదు. రెండూ కొన్నాను. ఇంకా కొంత డబ్బు ఉంది.

తాడు కట్టుకున్న పిల్లల ఆట గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. మర్చిపోయావనుకుంటాను. ధనరాజ్‌ని అడిగితే కొన్న తేదీ ఎలా చూడాలో చెప్పాడు. జనవరి నాలుగు, మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలకి, రాజాంలో ధనరాజ్ షాపు నుంచే కొన్నాడు; ఆ వేళ ధనరాజ్ లేడు, పనికుర్రాడే ఉన్నాడట. అక్కణ్ణుంచి తిరిగి వస్తూ ధాన్యం బస్తాల ట్రాక్టరు కింద పడింది ఒంటిగంట లోపే. అంటే వాడు ఆఖరున చేసిన పని అదే.

ఆ పొద్దున ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలుసు. వాడు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో అందరి ముందూ లేచి నేనే చెప్పాను. అయినా మళ్ళీ రాస్తాను, ఎందుకంటే నాకు రోజూ అదే వినబడుతుంది. డ్యూటీకి వెళుతూ, "ఇంజినీరింగయి ఏడాదైనాది. ఆ పెట్టి ముందునుంచి లెగవ్వు. నా కళ్ళ ముందుండకు, ఎక్కడికైనా ఎల్లు" అన్నాను. వాడు లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. బండి తాళం తీసుకున్నాడు.

ఇన్నాళ్ళూ కోపంతో ఎటో తిరగడానికి పోయాడనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. నేను తిట్టింది ఆటల గురించి. వాడు పని గట్టుకుని రాజాం వెళ్ళి ఇంకో ఆట కొన్నాడు. నా మీద కసితోనే కొన్నాడు. ఆడుకోవాలని కొన్నది కాదు కాబట్టి నేను దాన్ని తెరవను. వాడు చివరిసారి ఏదైనా అనుకుంటే నా గురించి చెడ్డగానే అనుకుని ఉంటాడు. ఇది రాస్తుంటే చేతికి ఏమీ కావడం లేదు. లారీ నంబరు రాసినట్టే రాస్తున్నాను.

నువ్వు వేళకి తిను.

పెదనాన్న.


శ్రీకాకుళం,
7 జూలై 2016.
(ఇది పోస్టు చెయ్యలేదు)

పెదనాన్నా,

కసితో కాదు. ఆ ఆట నేను కొనమన్నాను.

ముందురోజు మూడో తేదీ ఆదివారం, ఫోను వంతులో నాకు దొరికిన ఐదు నిమిషాలూ దానికే పెట్టాను. అది ఇద్దరు ఒకే కంప్యూటరు ముందు కూర్చుని ఆడాల్సిన ఆట. పదో తేదీకి సెలవులకు వస్తాను, అప్పటికి కొని ఉంచమన్నాను. మన వీధిలో టెలిఫోన్ తీగ తెగి నాలుగు రోజులుగా లైను లేదన్నాడు. అయితే రాజాం వెళ్ళి ధనరాజ్ దగ్గర కొను, రేపటితో సేల్ అయిపోతుంది అన్నాను. "ఎందుకే అంత తొందర, ఆర్నెల్లకి మళ్ళీ వస్తాది సేలు, ఇంకా తక్కువకే వస్తాది" అన్నాడు. కొనకపోతే నేను రాను, ఇక నీతో మాట్లాడను అన్నాను. సరే ఎల్తాన్లే అన్నాడు.

మొన్న కాలేజీ ల్యాబ్‌లో చూశాను. వాడు చెప్పినట్టే అదే ఆట ఇంకా తక్కువకి వచ్చింది.

మీరు ఆ పొద్దున తిట్టకపోయినా వాడు వెళ్ళేవాడే. మీరు లేచి నిలబడి మీ తప్పని చెప్పినప్పుడు నేను మీ వెనక వరసలో కూర్చున్నాను. లేవాలనుకున్నాను. లేవలేదు. ఆ తర్వాత రోజురోజుకీ ఇంకా కష్టమైపోయింది. ఇది చదివితే మీరు నన్ను ఇంట్లోకి రానివ్వరేమో. నాకు ఆ ఇల్లు తప్ప ఇల్లని అనిపించేది


శ్రీకాకుళం,
9 జూలై 2016.

పెదనాన్నకి వందనాలు.

రెండు ఆటలూ కొన్నారని తెలిసి సంతోషం. పొలం ఆటలో మొదట ముల్లంగి వేయండి, తొందరగా వస్తుంది. నీళ్ళు పోయడం మర్చిపోతే ఎండిపోతుంది. లారీ ఆటలో బాణం మీటలతో నడపాలి, స్పీడు ఎక్కువ పోకండి.

ఆ తాడు ఆట గురించి నాకేమీ తెలియదు. అన్నయ్య నాతో అనలేదు. తక్కువకి వస్తోందని కొని ఉంటాడు, సేల్లో అలా చాలామంది కొంటారు, ఆడరు. మీరు దాని గురించి ఆలోచించకండి.

వచ్చే వారం పరీక్షలు. ఉత్తరం రాయడం ఆలస్యం కావచ్చు.

ప్రిస్కిల్లా.


గరివిడి,
12 సెప్టెంబర్ 2016.

అమ్మా ప్రిస్కిల్లా,

రెండు నెలలుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఫోనులో పరీక్షలన్నావు, తర్వాత డ్యూటీ అన్నావు. సరే. చదువుకునే పిల్లవి.

నేను డ్యూటీ దిగి వచ్చి రోజూ ఒక గంట లారీ నడుపుతున్నాను. ఏవో దేశాల పేర్లు, పలకడం రాదు. సరుకు ఎక్కించుకుని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి చేర్చాలి. నేను ఎర్రదీపం దగ్గర ఆగుతాను. ముందు బండికి చాలా దూరంలో ఉంటాను. మలుపు దగ్గర చీకటైతే పక్కకి ఆపేస్తాను. సరుకు ఎప్పుడూ ఆలస్యంగానే చేరుస్తానని అది నాకు జరిమానా వేస్తుంది. వెయ్యనీ. ఇప్పటికి నాలుగువేల కిలోమీటర్లు నడిపాను, ఎవరినీ గుద్దలేదు. ఇలా నడపడంవల్ల ఏం వస్తుందని మీ దొడ్డమ్మ అడిగింది. ఏమీ రాదు.

పొలం ఆట ఆవిడ చూసుకుంటోంది. కళ్ళజోడు పెట్టుకుని ముల్లంగికి నీళ్ళు పోస్తుంది. మొన్న మన చర్చిలో పాడే దాలమ్మ వచ్చి చూసి నోరు నొక్కుకుంది. "పెరట్లో మొక్కలెండిపోతన్నాయి, ఈ బొమ్మలకి నీల్లేటి వదినా" అంటే, "అవి సచ్చిపోతాయి, ఇవైతే మల్లీ ఎయ్యొచ్చు" అంది మీ దొడ్డమ్మ.

నీకొక విషయం చెప్పాలి. ఎవరినుంచో వినడంకన్నా నేనే చెప్పడం మంచిది. నెలనెలా మొదటి ఆదివారం రొట్టె, రసం పంచుకునే ప్రభు బల్లలో నేను పాలు తీసుకోవడం లేదు. ఫిబ్రవరి మొదటి ఆదివారం నుంచీ ఇంతే. పదేళ్ళుగా సంఘంలో డీకన్‌ని కదా, రొట్టె పళ్ళెం, రసం గిన్నెలు వరసల్లోకి నేనే తీసుకెళ్ళాలి. తీసుకెళుతున్నాను. అందరికీ అందించి, నా వంతు వచ్చేసరికి పళ్ళెం బల్ల మీద పెట్టేస్తాను. మొదట ఎవరూ గమనించలేదు. ఇప్పుడు అందరూ చూస్తున్నారు. మీ దొడ్డమ్మ తల వంచుకుని కూర్చుంటుంది. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, మీరు తీసుకోవచ్చు అన్నారు. తండ్రి నోటిమాటకి కొడుకు చావడమూ, ఆ కొడుకు తండ్రి మీద కసితో పోవడమూ ఆయనకి జరగలేదు. ఆయన తప్పేమీ లేదు.

జనవరి నాలుగున ఏడాది జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు ఆ కొన్న ఆట సంగతి కూడా చెప్పేసి, డీకన్ పని మానుకుంటానని సంఘానికి చెబుతాను. చేతులకి అర్హత లేనప్పుడు మోయకూడదు. బాధపడి రాస్తున్నానని అనుకోకు. బాధ తెలియడం లేదు. పన్నుకి సూది వేశాక చెంప ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉన్నాను.

పెదనాన్న.


శ్రీకాకుళం,
3 అక్టోబర్ 2016.

పెదనాన్నా,

నిన్న ఇక్కడి చర్చిలో మొదటి ఆదివారం. రొట్టె నా దగ్గరికి వచ్చింది. మీరు నిన్న కూడా పళ్ళెం బల్ల మీద పెట్టేసి ఉంటారని గుర్తొచ్చింది. నేను మాత్రం ఈ తొమ్మిది నెలలూ తీసుకుంటూనే ఉన్నాను. నిన్న చెయ్యి చాపలేదు.

జూలైలో మీకు అబద్ధం రాశాను. ఆ ఆట నేను అడిగితే కొన్నాడు. జనవరి మూడున ఫోను చేసి, రేపటితో సేల్ అయిపోతుంది, నేను వచ్చేసరికి అది ఉండాలన్నాను. ఇంట్లో లైను లేదంటే రాజాం పొమ్మన్నాను. కొనకపోతే మాట్లాడనన్నాను. ఆర్నెల్లాగుదామని వాడు రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు. ఇదంతా జూలైలో ఒక రాత్రి ఉత్తరంలో రాసి, పోస్టు చెయ్యకుండా పుస్తకంలో పెట్టేశాను.

మీ తిట్టు విని వెళ్ళలేదు పెదనాన్నా. వెళ్ళాలని ముందురోజే అనుకున్నాడు. మీ మీద కసితో కొనలేదు.

ఇంకొకటి ఉంది. ఇది ఆ జూలై ఉత్తరంలో కూడా రాయలేకపోయాను. కొన్నాక వాడు ధనరాజ్ షాపు నుంచి మా హాస్టలు ఫోనుకి చేశాడు. నేను వార్డులో ఉన్నాను. మధ్యాహ్నం అన్నానికి వస్తే వార్డెనమ్మ చెప్పింది. "మీ అన్న ఫోన్ సేసినాడు. కొనేసినాను, మరి మాటాడమని సెప్పండన్నాడు. ఏటే కొన్నాడు? ఒకటే నవ్వు" అంది. అది వింటూ నేను అన్నం తిన్నాను. పెరుగు వేసుకుని తిన్నాను. అప్పటికి వాడు లేడు. సాయంత్రం నాన్న ఫోను చేశాడు.

వాడు నవ్వాడు. మీకు ఇది తెలియాలి. చెబితే ఎందుకు నవ్వాడని అడుగుతారు. అడిగితే మొత్తం చెప్పాలి. అందుకని దాచాను. మీరు అందరి ముందూ మీ మీద వేసుకుంటే, ఎవరూ నన్ను ఏమీ అడగరని ఊరుకున్నాను. నాకు భయం వేసింది, అంతే. మంచి కారణం ఏమీ లేదు.

వచ్చే కూడికలో మీరు లేచి అలా చెప్పకండి. డీకన్ పని మానకండి. నన్ను ఏమన్నా పడతాను. రావద్దంటే రాను.

ప్రిస్కిల్లా.


శ్రీకాకుళం,
24 నవంబర్ 2016.

పెదనాన్నకి వందనాలు.

ఉత్తరం రాసి ఏడు వారాలైంది. ఆదివారం ఫోను చేస్తే దొడ్డమ్మ ఎత్తుతోంది. మీరు చర్చికెళ్ళారనో, కాటా దగ్గరున్నారనో చెబుతోంది. వెనక మీ దగ్గు వినబడుతోంది.

క్రిస్మస్‌కి నేను రావడం లేదు. వార్డులో డ్యూటీ అడిగి వేయించుకున్నాను. అందరూ సెలవు కావాలంటే నేను డ్యూటీ కావాలన్నానని ఇక్కడ వింతగా చూశారు.

రాయాలనిపిస్తే రాయండి. లేకపోతే వద్దు.

ప్రిస్కిల్లా.


గరివిడి,
23 డిసెంబర్ 2016.

ప్రిస్కిల్లా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది అక్టోబరు ఆరున, కాటా దగ్గర ఉండగా వచ్చింది. అక్కడే విప్పాను. లారీ ఒకటి కాటా ఎక్కి నిలబడింది. డ్రైవరు ఎర్రన్న, "ఏటి బాబూ, బరువు సూడవేటి?" అని రెండుసార్లు అరిచాడు. ఆ రోజు మూడు లారీలకి ఖాళీ బండి బరువు తీసేయకుండా మొత్తం బరువే సరుకు బరువని రాసేశాను. ఇరవై ఏడేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

మొదట ప్రాణం తేలికపడింది. నా వల్ల కాదు, నా మీద కసితో కాదు అనుకున్నాను. సాయంత్రం దాకా అలా ఉంది. ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. అప్పుడు కోపం వచ్చింది. వాడు పోయాక నాకు వచ్చిన మొదటి కోపం అది. మనిషి వేడెక్కడమంటే ఏమిటో మర్చిపోయాను. నీ మీదే వచ్చింది. అబద్ధం ఎందుకు రాయాలి?

నువ్వు ఆట అడిగావని కాదు. అన్నని ఆట అడక్క ఇంకెవరిని అడుగుతావు? నాలుగో తేదీ దాటితే ధర పెరుగుతుందని తొందరపెట్టావు, అది ఎవరైనా చేస్తారు. నా కోపం దానికి కాదు. నేను లేచి నిలబడి, నా కొడుకుని నేనే పొమ్మన్నానని అందరి ముందూ చెబుతుంటే, నువ్వు నా వెనక వరసలో కూర్చుని విన్నావు. సెప్టెంబరులో పళ్ళెం సంగతి రాసినా మూడు వారాలు ఊరుకున్నావు. అన్నిటినీ మించి, వాడు నవ్వాడు. ఆ ఒక్క మాట తొమ్మిది నెలలు నీ దగ్గర పెట్టుకున్నావు. ఇక్కడ మేమిద్దరం వాడు ఏడుస్తూ పోయాడో, తిట్టుకుంటూ పోయాడో అనుకుంటూ గోడలు చూసుకుంటూ బతికాం. నీకు భయం వేసిందని రాశావు. నాకు అది సరిపోలేదు. అందుకే జవాబు రాయలేదు. మీ దొడ్డమ్మ ఫోను పట్టుకుని అబద్ధం చెప్పింది నేను చెప్పమంటేనే. దగ్గింది నేనే.

ఉత్తరం చాలా రోజులు దాచి, పోయిన వారం మీ దొడ్డమ్మకి చదివి వినిపించాను. వార్డెనమ్మ మాటల దగ్గరికొచ్చేసరికి, "మల్లీ సదువు" అంది. చదివాను. "మల్లీ" అంది. మూడోసారికి ఏడ్చింది. వాడిని తీసుకొచ్చిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదు. తర్వాత మొహం కడుక్కొచ్చి, "ఆడు నవ్వినాడు కదా. మరి ఆ గుంటనెందుకు ఏడిపిస్తన్నావు?" అంది.

దుకాణంలో నిన్నటినుంచి మళ్ళీ సేల్ మొదలైంది. శాంతీ, నీ జాబితాలో పద్నాలుగింటికి ధర తగ్గిందని వచ్చింది. డబ్బు ఇంకా ఉంది. వంతెనల ఆట మూడోవంతు ధరకే ఇస్తున్నారు. పేర్లు కాగితం మీద రాశాను గాని, ఈసారి ఏదీ కొట్టేయలేకపోయాను, ఏదీ కొనలేకపోయాను. మనసు ఆటల మీద లేదు.

మొన్న మొదటి ఆదివారం కూడా నేను బల్లలో పాలు తీసుకోలేదు. ఈసారి కారణం వేరు. మనసులో ఒక మనిషి మీద కోపం పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని, ముందు వెళ్ళి ఆ మనిషితో తేల్చుకుని రావాలని, పదేళ్ళుగా సంఘంలో అందరికీ చెబుతున్నది నేనే. వచ్చే మొదటి ఆదివారం జనవరి ఒకటి. అందుకని బుధవారం ఇరవై ఎనిమిదిన నేను శ్రీకాకుళం వస్తున్నాను. మీ వార్డెనమ్మకి ఫోన్ చేసి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిన్ను చూడడానికి అనుమతి తీసుకున్నాను. మీ దొడ్డమ్మ కూడా వస్తానంటోంది.

ఏం మాట్లాడతానో నాకే తెలియదు. సర్దుకుని మంచి మాటలు చెబుతానని మాట ఇవ్వలేను. నిన్ను చూడగానే తిడతాను. చాలా ఉంది, గట్టిగానే తిడతాను, మీ హాస్టలు పిల్లలు కిటికీల్లోంచి చూసినా ఆపుకోలేనేమో. నీకు కోపం వస్తే నువ్వూ ఎదురు తిట్టు, నేను పడతాను.

కానీ ఒకటి చెయ్యమ్మా. నేను ఎంత తిట్టినా, కళ్ళ ముందుండకు పొమ్మని నోరు జారినా, నువ్వు మాత్రం అక్కడే నిలబడు. ఎక్కడికీ వెళ్ళకు.

మీ పెదనాన్న,
జ్ఞానానందం.